కొలను పంపు ఆగితే రసాయనాలూ ఆగుతున్నాయా?

సంపాదకులు గారికి నమస్కారాలు.

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో సొంత ఈతకొలను ఉన్న ఇళ్లు ఇప్పుడు మరీ అరుదేమీ కాదు. సర్జాపుర రోడ్డు, వైట్‌ఫీల్డ్, దేవనహళ్లి వైపు విల్లాల్లో పెరట్లో ఒక చిన్న కొలను, దాని పక్కన పంపుల గది, ఆ గదిలో గోడకు బిగించిన ఒక కంట్రోలర్ పెట్టె కనిపిస్తూనే ఉంటాయి. నీటిని వడకట్టే పంపు ఎప్పుడు నడవాలో, క్లోరిన్ ఎంత కలపాలో, యాసిడ్ ఎప్పుడు వేయాలో అన్నీ ఆ పెట్టే చూసుకుంటుందని నమ్మి మనం నిశ్చింతగా ఉంటాం. వేసవి సెలవులకు మనవలు, మనవరాళ్లు వచ్చే రోజులు దగ్గరపడుతున్నాయి కనుక, ఆ పెట్టె గురించి మా ఇంట్లో తెలిసివచ్చిన ఒక విషయాన్ని మీ పాఠకుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడవుగానే ఉంటుంది. స్థలం చాలక కుదించవలసి వస్తే, ఇంట్లో చేసుకోవలసిన పరీక్షల గురించి రాసిన భాగాన్ని మాత్రం దయచేసి తీసివేయకండి.

నేను ముప్పై ఏళ్లకు పైగా విద్యుత్ ఉపకేంద్రాల్లో పనిచేసి విరమించిన ఎలక్ట్రికల్ ఇంజినీరును. మా అబ్బాయి ఉద్యోగం ఇక్కడే కావడంతో, పదవీ విరమణ తరువాత నేనూ మా ఆవిడా కడప నుంచి సర్జాపుర రోడ్డులోని అతని ఇంటికి వచ్చి ఉంటున్నాం. ఇంటి వెనక ఉన్న కొలను 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సుమారు 1.3 మీటర్ల లోతు. అంటే దాదాపు 42 వేల లీటర్ల నీరు. ఒక హార్స్‌పవర్ పంపు ఆ నీటిని ఇసుక ఫిల్టరు గుండా తిప్పుతుంది. కంట్రోలర్‌కు రెండు చిన్న డోసింగ్ పంపులు ఉన్నాయి. ఒకటి నీలం క్యాను నుంచి హైపో, అంటే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం తోడుతుంది. రెండోది హైడ్రోక్లోరిక్ యాసిడ్ తోడుతుంది. ఫిల్టరు నుంచి కొలనులోకి తిరిగి వెళ్లే పైపులోకి ఈ రెంటినీ సన్న గొట్టాలతో పంపిస్తారు.

గత దసరా సెలవుల్లో ఒక సాయంత్రం ఉరుములతో వాన పడి దాదాపు 40 నిమిషాలు కరెంటు పోయింది. వాన వెలిసింది. మా మనవడు, మనవరాలు ఈత దుస్తులు వేసుకుని వరండాలో ఎదురు చూస్తున్నారు. కొలను పని చూసుకునే కుర్రవాడిది మదనపల్లె వైపు. అతను పంపుల గదిలోకి వెళ్లి వచ్చి నాతో అన్నాడు: "సార్, పెద్ద పంపు ఆగిపోయె, ఈ చిన్నవి మాత్రం ఇంగా తిరగతానే ఉండాయి." ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయిలే, కరెంటు వచ్చాక చూద్దాం అన్నాను నేను. అతనికి మాత్రం మనసొప్పలేదు. పిల్లలను నీళ్ల దగ్గరికి రానివ్వకుండా వరండాలోనే ఉండమని చెప్పి, తాను గట్టు మీద నిలబడ్డాడు. అంతలో కరెంటు వచ్చింది, పెద్ద పంపు దానంతట అది మొదలైంది. నిమిషం గడవకముందే నీరు తిరిగి వచ్చే రంధ్రాల దగ్గర బుడగలు లేచాయి, నీటి మీద పసుపు పచ్చని ఛాయ కనిపించింది, గొంతును పట్టేసే ఘాటు వాసన పెరడంతా పరుచుకుంది. గట్టు మీద ఉన్న ఆ కుర్రవాడు ఊపిరి అందక దగ్గుతూ వరండా వైపు పరుగెత్తుకొచ్చాడు. ఆ రాత్రంతా అతణ్ని ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచారు. దేవుడి దయవల్ల కోలుకున్నాడు. అతను అడ్డుకోకపోయి ఉంటే ఆ సమయానికి పిల్లలిద్దరూ ఆ రంధ్రాల దగ్గరే ఉండేవారు, ఎందుకంటే నీటి ధార వీపుకు తగులుతుందని వాళ్లు ఎప్పుడూ ఆడుకునేది అక్కడే.

అక్కడ పుట్టింది క్లోరిన్ వాయువు. హైపో, యాసిడ్ వేరువేరుగా 42 వేల లీటర్ల నీటిలో కలిస్తే ప్రమాదం లేదు. అవి రెండూ చిక్కగా ఒకదానితో ఒకటి కలిస్తే ఉప్పు, నీరు ఏర్పడి, క్లోరిన్ వాయువు వెలువడుతుంది. మా డోసింగ్ పంపులు గంటకు ఒకటిన్నర లీటరు తోడేవి. 40 నిమిషాల్లో ఒక లీటరు హైపో, ఒక లీటరు యాసిడ్ కదలని నీరున్న ఒకే పైపులోకి చేరాయి. పైగా ఆ రెండు గొట్టాలు పైపులోకి దిగే చోట్ల మధ్య దూరం జానెడు కూడా లేదు. పంపు మళ్లీ మొదలవగానే అక్కడ పోగైనదంతా ఒక్క తోపుతో కొలనులోకి వచ్చింది. క్లోరిన్ వాయువు గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది కనుక త్వరగా పైకి లేచిపోదు, నీటిమట్టానికి కొంచెం పైన పరుచుకుంటుంది. ఈత కొట్టేవాడి ముక్కు ఉండేది కూడా సరిగ్గా అక్కడే.

ఆ తరువాత మరమ్మతు పేరుతో నెలన్నర గడిచింది. ఆ నెలన్నరలో జరిగినది రాస్తేనే లోపం ఎంత సులువుగా కంటికి కనిపించకుండా పోతుందో పాఠకులకు అర్థమవుతుంది.

నిర్వహణ కాంట్రాక్టు ఉన్న సంస్థ నుంచి వచ్చిన మొదటి టెక్నీషియన్, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని కొలిచే పీహెచ్ ప్రోబు చెడిపోయిందని తేల్చి కొత్తది వేశాడు. రెండోసారి వచ్చినతను కంట్రోలర్ బోర్డే మార్చాలన్నాడు. ఇద్దరూ మర్యాదస్తులే, ఇద్దరూ పని తెలిసినవాళ్లే. అయితే ఇద్దరూ చూసింది తెర మీద కనిపించే అంకెలను మాత్రమే. బోర్డు మార్చడానికి ఒప్పుకునే ముందు నేను ఒక చిన్న పరీక్ష చేశాను. పీహెచ్ ప్రోబు ఇచ్చేది చాలా చిన్న వోల్టేజి. పీహెచ్ 7 దగ్గర అది సున్నా, 25 డిగ్రీల వేడిమి వద్ద అక్కడి నుంచి ఒక్కో పీహెచ్ అంకె మారితే సుమారు 59 మిల్లీవోల్టులు మారుతుంది. కాబట్టి ప్రోబును విప్పేసి, కంట్రోలర్ వైపు ఉన్న సాకెట్లో నడిమి పిన్నును, చుట్టూ ఉన్న లోహపు కవచాన్ని చిన్న తీగ ముక్కతో కలిపితే తెర మీద 7కు దగ్గరి అంకె రావాలి. మాకు 7.0 వచ్చింది. ఆ తరువాత విప్పిన పాత ప్రోబును కడిగి పీహెచ్ ఎంతో ముందే తెలిసిన బఫర్ ద్రావణాల్లో, అంటే పీహెచ్ 7, పీహెచ్ 4 వాటిలో, ముంచి చూస్తే రెండు చోట్లా సరైన అంకెలే చూపించింది. అంటే బోర్డూ బాగుంది, పారేయబోయిన ప్రోబూ బాగుంది. ఇలాంటి ప్రోబును పొడిగా వదలకూడదని, తీసి ఉంచేటప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో కాక దాని కోసం ఇచ్చే పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలని కూడా ఈ సందర్భంగా చెప్పాలి, ఎందుకంటే మార్చేస్తున్న ప్రోబుల్లో చాలావాటిని చెడగొడుతున్నది ఈ అజాగ్రత్తే అని నా అభిప్రాయం.

మరి హైపో పంపు ఎందుకంత ఆత్రంగా తిరుగుతూ ఉంది? కంట్రోలర్ క్లోరిన్‌ను నేరుగా కొలవదు. ఓఆర్‌పీ అనే ఇంకో ప్రోబుతో నీటికున్న ఆక్సీకరణ శక్తిని మిల్లీవోల్టుల్లో కొలిచి, దాన్నిబట్టి క్లోరిన్ చాలుతోందో లేదో నిర్ణయిస్తుంది. సాధారణంగా దాన్ని 650 నుంచి 750 మధ్య ఉండేలా పెడతారు. మా తెర మీద 590 దాటేది కాదు. చేత్తో పరీక్షించే కిట్టుతో చూస్తే మాత్రం నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల క్లోరిన్ ఉంది, అది నిండుగా సరిపోతుంది. తిరకాసు ఎక్కడుందంటే, వేసవిలో క్లోరిన్ నిలవడం లేదని ఎవరో చెప్పగా హైపోతో పాటు టీసీసీఏ అనే క్లోరిన్ బిళ్లలు కూడా నెలల తరబడి వేయించాం. ఆ బిళ్లలు కరిగినప్పుడు క్లోరిన్‌తో పాటు సయనూరిక్ ఆమ్లం కూడా నీటిలో చేరుతుంది. క్లోరిన్ ఖర్చయిపోతుంది కానీ అది మాత్రం పోదు. నీరు మారిస్తే తప్ప పేరుకుంటూనే ఉంటుంది. అది ఎక్కువైన నీటిలో క్లోరిన్ ఉన్నా ఓఆర్‌పీ అంకె కిందికి దిగిపోతుంది. దానికి తోడు పీహెచ్ పెరిగితే క్లోరిన్ చురుకుదనం తగ్గుతుంది: 7.5 దగ్గర దాదాపు సగం చురుకైన రూపంలో ఉంటే, 8 దగ్గర అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఇన్ని కారణాలతో తెర మీద అంకె తక్కువగానే ఉండిపోయింది, దాన్ని నమ్మిన కంట్రోలర్ హైపో పోస్తూనే ఉంది. పావు వంతు నీరు మార్చి, బిళ్లలు మాన్పించాక అంకె మెల్లగా దారికి వచ్చింది. ఆ బిళ్లలను హైపోతో గాని, బ్లీచింగ్ పౌడరుతో గాని ఒకే డబ్బాలోనో ఒకే చెంబుతోనో కలపడం మహా ప్రమాదమని ఇంట్లో పనిచేసేవారికి తప్పక చెప్పండి.

అయితే ఇదంతా కంట్రోలర్ ఎందుకు ఎక్కువ పోస్తోందన్న ప్రశ్నకు మాత్రమే జవాబు. పెద్ద పంపు ఆగినప్పుడు కూడా ఎందుకు పోసిందన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు ఏ ప్రోబులోనూ లేదు. ఆ కుర్రవాడు అన్న ఒక్క మాటలోనే ఉంది.

ఇల్లు కట్టినప్పుడు ఎలక్ట్రీషియన్ అన్ని గదుల లైట్ల సర్క్యూట్లతో పాటు పంపుల గది లైటును కూడా ఇన్వర్టర్ మీద పెట్టాడు. అందులో తప్పేమీ లేదు. కొలను పని చేసినవాళ్లు రెండేళ్ల తరువాత వచ్చి, దగ్గరలో ఉన్న 5 ఆంపియర్ల ప్లగ్గులో కంట్రోలర్‌ను గుచ్చారు. ఆ ప్లగ్గు లైటు సర్క్యూట్‌దే. పెద్ద పంపుకు మాత్రం మెయిన్ బోర్డు నుంచి విడిగా వైరు వచ్చింది, దానికి ఇన్వర్టర్ లేదు. కాబట్టి కరెంటు పోయిన ప్రతిసారీ మా ఇంట్లో నీరు ఆగిపోయేది, రసాయనాలు మాత్రం ఆగేవి కావు. రెండు పనులూ వేరువేరుగా చూస్తే తప్పులేనివే. రెండూ కలిసినప్పుడు ఏమవుతుందో ఆలోచించే బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. ఉపకేంద్రంలో బ్రేకరు తెరుచుకోనిదే ఐసొలేటరు తెరుచుకోకూడదని ఇంటర్‌లాక్, అంటే ఒకటి జరగనిదే రెండోది కదలకుండా అడ్డుకునే ఏర్పాటు, పెట్టి, దాన్ని ఏటా పరీక్షించి సంతకం పెట్టినవాణ్ని నేను. సొంత ఇంట్లో ఆ ప్లగ్గు ఎక్కడి నుంచి వచ్చిందని ఒక్కసారీ చూడలేదు. ఈ బాధ నన్ను వదలడం లేదు.

ఇలాంటి పరిస్థితి వస్తుందనే కంట్రోలర్‌లో ఒక రక్షణ ఉంచుతారు. ప్రోబులుండే చిన్న గొట్టంలో ఒక ఫ్లో స్విచ్ ఉంటుంది. నీరు కదిలితే దానిలోని రెక్క లేచి 'నీరు వస్తోంది' అని చెబుతుంది, నీరు ఆగితే రెక్క పడిపోయి డోసింగ్ ఆగిపోవాలి. మా ఇంట్లో ఆ రెక్క లేచిన చోటే బిగుసుకుపోయింది. కావేరి నీరు ఇంకా అందని మా వీధికి వచ్చేది ట్యాంకర్ల బోరు నీరే, అందులో సున్నం శాతం ఎక్కువ. ఆ సున్నం రెక్క ఇరుసు చుట్టూ గార కట్టింది. ఆ తెల్లని గారను నేను స్వయంగా గోటితో గీకి చూశాను. వంద రూపాయల విలువ చేయని ఆ ప్లాస్టిక్ రెక్క మీదే మా పిల్లల భద్రత అంతా ఆధారపడి ఉందని అప్పుడు అర్థమైంది.

ఇంకో రక్షణ కూడా ఉండేది. ఎంతసేపు పోసినా అంకె మారకపోతే కంట్రోలర్ తనంత తానే ఆగి అలారం మోగించేలా ఒక కాలపరిమితి పెట్టవచ్చు. ఓఆర్‌పీ అంకె పెరగక ఆ అలారం మాటిమాటికీ మోగుతుంటే, రాత్రిళ్లు నిద్ర పాడవుతోందని టెక్నీషియన్‌తో చెప్పి దాన్ని తీసివేయించింది నేనే. అలారం మోగినప్పుడల్లా అది నిజమే చెప్పింది. దయచేసి ఎవరూ ఈ పని చేయకండి. మోగుతున్న అలారానికి కారణం వెతకండి.

ఇక్కడ ఈ కంట్రోలర్‌ను ఫోన్‌లో చూపే యాప్ గురించి ఒక మాట. ఆ సాయంత్రం మా అబ్బాయి ఆఫీసులో ఉన్నాడు. నేను ఫోన్ చేసినప్పుడు యాప్ తెరిచి చూసి, "పంపు ఆన్‌లోనే ఉంది నాన్నా, అంతా పచ్చగానే చూపిస్తోంది" అన్నాడు. ఆ యాప్ చూపేది పంపుకు కంట్రోలర్ ఇచ్చిన ఆజ్ఞనే కానీ, పంపు నిజంగా తిరుగుతోందా, నీరు నిజంగా కదులుతోందా అన్నది కాదు. కరెంటు లేకపోయినా, పంపులో గాలి చేరి నీరు లాగకపోయినా, ఫిల్టరు మూసుకుపోయినా ఆ పచ్చ చుక్క అలాగే ఉంటుంది. వైఫై తెగిపోతే కొన్ని యాప్‌లు చివరిగా అందిన అంకెలనే చూపిస్తూ కూర్చుంటాయి. లోపం వెతికేటప్పుడు ప్రతి అంకెను చూసి ఇది ఆజ్ఞా, జరిగిన పనా అని అడుగుతూ పోతే చిక్కుముడి సగం విడిపోతుందన్నది నా అనుభవం. జరిగిన పనిని చెప్పేవి వేరే ఉన్నాయి: ఫిల్టరు మీది ప్రెషర్ గేజి, తిరిగి వచ్చే రంధ్రం దగ్గర చేతికి తగిలే ధార, పంపు చప్పుడు.

ఇప్పుడు మా ఇంట్లో వైరింగు మార్చాం. డోసింగ్ పంపులకు కరెంటు ఇక లైటు సర్క్యూట్ నుంచి రాదు. పెద్ద పంపుకు కరెంటు కలిపే, తెంచే స్విచ్ అయిన కాంటాక్టర్ తరువాతి వైపు నుంచే వస్తుంది. పెద్ద పంపుకు కరెంటు లేకపోతే వాటికీ లేదు. అది ఒక్కటే చాలదు, ఎందుకంటే పంపు తిరుగుతున్నా నీరు రాని సందర్భాలు ఉంటాయి. అందుకని కొత్త ఫ్లో స్విచ్‌ను ఆ తీగలోనే వరుసగా కలిపాం. రెండూ ఒప్పుకుంటేనే రసాయనం కదులుతుంది. కరెంటు వచ్చాక కొన్ని నిమిషాలు నీరు తిరిగిన తరువాతే డోసింగ్ మొదలయ్యేలా ఆలస్యం పెట్టాం. హైపో, యాసిడ్ దిగే చోట్లను ఒకదానికొకటి బాగా దూరం జరిపి, రెంటికీ వెనక్కి తన్నకుండా కొత్త నాన్-రిటర్న్ వాల్వులు వేయించాం. క్యానులను పైపు కంటే దిగువన, వేరువేరు తొట్లలో పెట్టాం, పైన ఉంటే పంపు ఆగినా సైఫన్ పద్ధతిలో జారే వీలుంది కనుక. ఈ పని మొత్తం ఒక మంచి ఎలక్ట్రీషియన్‌కు ఒక పూట పని. మారుస్తామన్న బోర్డు ధరలో పదో వంతు కూడా కాలేదు. ఇదేమీ నేను కనిపెట్టిన పద్ధతి కాదు. అమెరికాలో వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ 2014లో తొలిసారి వెలువరించిన మోడల్ ఆక్వాటిక్ హెల్త్ కోడ్, నీటి ప్రసరణ ఆగితే రసాయనాల పంపులు కూడా ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఉండాలని ప్రజా ఈతకొలనుల విషయంలో స్పష్టంగా చెబుతోంది. మన ఇంటి కొలనుకు అలాంటి జాగ్రత్త అక్కర్లేదనడానికి కారణమేదీ నాకు కనిపించడం లేదు.

ఇక ఇంట్లో చేసుకోవలసిన పరీక్షలు. ఒక పగటి పూట, కొలనులో ఎవరూ లేనప్పుడు, చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ముందుగా రెండు డోసింగ్ గొట్టాలను క్యానుల నుంచి తీసి, ఒక్కోదాన్ని ఒక్కో మంచినీళ్ల బకెట్‌లో ముంచండి. ఒకే బకెట్‌లో రెండూ పెట్టకండి. గొట్టాల్లో మిగిలిన రసాయనం పోయేవరకు పెద్ద పంపు నడుస్తుండగానే కాసేపు తిరగనివ్వండి. తరువాత కంట్రోలర్‌లో క్లోరిన్, పీహెచ్ లక్ష్యాల అంకెలను మార్చి రెండు చిన్న పంపులూ తిరిగేలా చేయండి. పాత అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోవడం మరవకండి. అవి తిరుగుతుండగా బోర్డులో పెద్ద పంపుకు ఉన్న స్విచ్, అంటే ఎంసీబీ, ఒక్కటీ కిందికి దించండి. చిన్న పంపులు కొన్ని క్షణాల్లో ఆగిపోవాలి. మళ్లీ అంతా నడిపించి, ఈసారి ఇంటి మెయిన్ స్విచ్ ఆపండి, ఇన్వర్టర్ అందుకుంటుంది. అప్పుడు కూడా అవి తిరగకూడదు. మా ఇంట్లో ఉన్నలాంటి ఇన్వర్టర్ ప్లగ్గు లోపాన్ని పట్టిచ్చేది ఈ రెండో పరీక్షే.  మూడోసారి పెద్ద పంపు నడుస్తుండగానే ప్రోబుల గొట్టానికి నీరు వచ్చే చిన్న వాల్వును మూయండి. రెక్క పడి, తెర మీద నీరు లేదన్న హెచ్చరిక వచ్చి, డోసింగ్ ఆగాలి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా, సరిచేసేవరకు డోసింగ్ ప్లగ్గు పీకేసి, కిట్టుతో చూసుకుంటూ చేత్తోనే క్లోరిన్ వేసుకోండి. మన పెద్దలకు కంట్రోలర్లు లేకపోయినా బావుల్లో బ్లీచింగ్ చల్లుకున్నారు. కొన్నాళ్లు చేత్తో వేసుకుంటే నష్టమేమీ లేదు.

ఇన్వర్టర్ గాని, పైకప్పు మీద సోలార్ గాని కొత్తగా పెట్టించుకున్నవారు, బోర్డులో సర్క్యూట్లు అటూ ఇటూ మార్పించినవారు ఈ పరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆ సమయంలోనే ఇంకొక సంగతి కూడా చూసుకోండి. కొలనుకు సంబంధించిన సర్క్యూట్లన్నింటికీ కరెంటు లీకైతే వెంటనే తెంచేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, కరెంటు ఇన్వర్టర్ నుంచి వస్తున్నప్పుడు కూడా ఆ రక్షణ పనిచేస్తోందా అన్నది ఎలక్ట్రీషియన్ చేత మీటరుతో పరీక్ష చేయించండి. నీటిలోని లైట్లకు 12 వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటింగ్ రకానిదై, అంటే మెయిన్ కరెంటుతో నేరుగా సంబంధం లేనిదై, ఉండాలి. 2023 డిసెంబరు చివర్లో వర్తూరులోని ఒక అపార్టుమెంటు ఈతకొలనులో ఒక బాలిక చనిపోయిన ఘటనను, దాని వెనక విద్యుదాఘాతం ఉందన్న అనుమానాన్ని ఈ నగరం మరచిపోదు.

నీటి విషయం క్లుప్తంగా చెబుతాను. 2024 మార్చిలో నగర జలమండలి ఈతకొలనులకు తాగునీరు వాడకూడదని ఆదేశించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. అదే ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం ఐదో దశ ప్రారంభమై శివారు 110 గ్రామాలకు నీరు ఇచ్చే ఏర్పాటు జరిగినా, ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధులు ఇంకా ఉన్నాయి. మట్టం తగ్గితే దానంతట అదే నీరు నింపే ఆటో ఫిల్ వాల్వు ఉన్నవారికి కొలను పగిలి కారుతున్నా తెలియదు, ఎందుకంటే మట్టం ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. నెలకొకసారి దాన్ని ఒకరోజు మూసి, మెట్టు మీద ఒక బకెట్‌లో కొలను నీరే నింపి పెట్టి, బకెట్‌లోనూ కొలనులోనూ మట్టాలు గుర్తుపెట్టి మర్నాడు పోల్చి చూడండి. రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరి. మా కొలను పరిమాణంలో 5 మిల్లీమీటర్లు తగ్గితే 160 లీటర్లు పోయినట్టు. బకెట్ కంటే కొలను ఎక్కువ తగ్గితే ఎక్కడో కారుతోంది.

సంపాదకులు గారూ, మీ పత్రిక ద్వారా కొలనులు కట్టే సంస్థలకు, ఇళ్లు కట్టి ఇచ్చేవారికి ఒక విన్నపం చేస్తున్నాను. ఇంటి తాళాలతో పాటు, కంట్రోలర్ ఏ సర్క్యూట్ మీద ఉందో, పెద్ద పంపు ఏ సర్క్యూట్ మీద ఉందో చూపే ఒక కాగితం యజమానికి ఇవ్వండి. మూడు పరీక్షలూ యజమాని ఎదుటే చేసి చూపించి తేదీ వేసి సంతకం పెట్టండి. కంట్రోలర్‌తో వచ్చే పుస్తకం మా ఇంట్లో ఐదు భాషల్లో ఉంది. అందులో కన్నడం లేదు, తెలుగు లేదు, హిందీ లేదు. రోజూ ఆ క్యానులను ఎత్తి దించేది రాయలసీమ నుంచి, ఉత్తర కర్ణాటక నుంచి, ఒడిశా నుంచి వచ్చిన పిల్లలు. వాళ్లకు ఏ క్యానులో ఏముందో, దేనిని దేనితో కలపకూడదో వాళ్ల భాషలో ఒక చీటీ రాసి అతికించడం ఎంత పని? మా పంపుల గదిలో నేను తెలుగులో, మా పక్కింటి కన్నడ ఉపాధ్యాయురాలు కన్నడంలో రాసి అతికించాం. వాసన వస్తే నీళ్లలో ఉన్నవాళ్లు వెంటనే బయటికి వచ్చి, గాలి ఎటు నుంచి వీస్తోందో అటు వైపుగా, ఎత్తైన చోటికి వెళ్లాలని, పంపుల గదిలోకి ఎవరూ వెళ్లకూడదని, 108కు ఫోన్ చేయాలని, దగ్గు తగ్గినట్టు అనిపించినా కొన్ని గంటల తరువాత ఆయాసం రావచ్చు కనుక డాక్టరుకు తప్పక చూపించాలని అందులో రాశాం.

ఆ కుర్రవాడు ఇప్పుడు మా కొలనుతో పాటు మా వీధిలో ఇంకో నాలుగు ఇళ్లలో ప్రతి నెలా మొదటి ఆదివారం ఈ మూడు పరీక్షలూ చేస్తున్నాడు. అందులో ఒక ఇంట్లో ఇన్వర్టర్ మీద తిరుగుతున్న డోసింగ్ పంపును అతనే పట్టుకున్నాడు. మా ఇంట్లో మార్చిన వైరింగు చిత్రాన్ని తెలుగులో పేర్లు రాసి ఈ ఉత్తరంతో జతచేస్తున్నాను. ప్రచురించే వీలు లేకపోయినా, అడిగినవారికి నకలు ఇవ్వమని మీ బెంగళూరు కార్యాలయాన్ని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ ఇంజినీరు,
సర్జాపుర రోడ్డు, బెంగళూరు